స్టెమ్ ఛాలెంజ్: ప్రతి వారం కొత్తదా, పాతదే మళ్లీనా?

సైన్స్ టీచర్, బెంగళూరు:
మా ఏడో తరగతికి శుక్రవారం చివరి పీరియడ్, అంటే 40 నిమిషాలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) ఛాలెంజ్‌కు కేటాయించాము. గత వారం ఇచ్చింది కాగితపు వంతెన. 20 సెంటీమీటర్ల ఎడంతో పెట్టిన రెండు పుస్తకాల దొంతరల మీద ఒకే ఒక్క ఏ4 కాగితంతో వంతెన కట్టి, అది కుంగేదాకా రూపాయి బిళ్లలు పేర్చాలి. కాగితాన్ని ఉన్నదున్నట్టు పరిచిన గ్రూపులవి వెంటనే కుంగిపోగా, విసనకర్రలా మడిచినవారిది చాలాసేపు నిలిచింది. ఎందుకలా జరిగిందని అడిగేలోపే గంట కొట్టేశారు. అందుకని ఈ వారమూ అదే ఇస్తానన్నాను. స్కూలువారు మాత్రం ప్రతి వారం కొత్తదే ఉండాలంటున్నారు. మీరేమంటారు?

ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్:
టీచర్ గారూ, నేను స్కూలువారి పక్షమే. రెండోసారి అందరూ నెగ్గినవారి మడతనే మక్కికి మక్కి దించేస్తారు. రేపేం ఇస్తారోనని మావాడికి గురువారం రాత్రి ఉండే ఆరాటం కూడా పోతుంది.

విశ్రాంత ఫిజిక్స్ మాస్టారు, చెన్నై:
దించనివ్వండి. కారణం తెలియనివాడు సరిగా దించనూ లేడు. కాగితం మందం మారలేదు. మడతల ఎత్తు వల్లనే దానికి వంగకుండా నిలిచే బిగువు వచ్చింది. అలాగని మరీ ఎత్తుగా మడిస్తే వెడల్పు తగ్గి బిళ్లలు నిలవవు, బరువుకు మడతలు పక్కలకు విచ్చుకుంటాయి. ఎక్కడ ఆగాలన్నది ఒక్క పీరియడ్‌లో తేలే విషయం కాదు. రెండో వారం ఎడాన్ని 25 సెంటీమీటర్లు చేయండి, పాత కొలతలు దించినవారికి అక్కడే చిక్కు పడుతుంది. అసలు నా అభ్యంతరం బిళ్లల మీద. 1992 నాటి రూపాయి 4.85 గ్రాములు, 2011 నాటిది 3.79, 2019 నాటిది 3.09 (నా చిల్లర డబ్బాలో మూడూ ఉన్నాయి). బిళ్లలను లెక్కపెట్టి విజేతను తేల్చారంటే, పాత బిళ్లలు పడిన గ్రూపుకు అన్యాయం జరిగి ఉండవచ్చు.

ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్:
బిళ్లల సంగతి నాకు తోచనే లేదు, మాస్టారూ. సరే, రెండో వారానికి ఒప్పుకుంటాను. మూడో వారానికి మాత్రం కాదు.

సైన్స్ టీచర్, బెంగళూరు:
బిళ్లలన్నీ ఒకే డబ్బాలోంచి పంచాను, ఎవరికి ఏవి వెళ్లాయో రాసుకోలేదు. కాబట్టి గత వారం ఫలితం చెల్లదని నెగ్గిన పిల్లలకు నేనే చెప్పాలి. నాకు కష్టమనిపిస్తున్నది అదొక్కటే. ఈసారి వంటింటి తూనిక తెచ్చి, బిళ్లలన్నీ కలిపి తూస్తాము. ఏ4 పొడవు 29.7 సెంటీమీటర్లే కనుక, 25 ఎడం పెడితే కాగితానికి ఇటూ అటూ ఆనిక రెండున్నర కూడా దక్కదు. జారిపోతుందేమో, ముందు ఇంట్లో కట్టి చూస్తాను.