'లైక్ ఐ సెడ్' అని రాస్తే మార్కు తీసేయాలా?

ఖమ్మం అమ్మ: మా అబ్బాయి టెన్త్. ఇంగ్లీష్ పేపర్లో 'లైక్ ఐ సెడ్' అని రాశాడు. టీచర్ లైక్ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పైన యాజ్ అని రాసి అర మార్కు తీసేశారు. 'వీడియోల్లో ఇంగ్లీష్ వాళ్లే అలా అంటున్నారు కదమ్మా' అంటున్నాడు. ఎవరిది ఒప్పు?

పాఠాల మాస్టారు: టీచర్‌దేనండీ. లైక్ తర్వాత నామవాచకమో సర్వనామమో రావాలి: 'షి సింగ్స్ లైక్ హర్ మదర్'. కర్త, క్రియ ఉన్న వాక్యం వస్తే యాజ్. పిల్లలకు నియమం గట్టిగా చెప్పకపోతే రేపు ఏదీ నిలవదు.

కృష్ణాతీరం: మాస్టారూ, ఇది ఒప్పుకోలేను. లైక్ తర్వాత వాక్యం పెట్టే వాడుక శతాబ్దాల నాటిది. 1954లో అమెరికాలో విన్‌స్టన్ సిగరెట్ ప్రకటన 'టేస్ట్స్ గుడ్ లైక్ ఎ సిగరెట్ షుడ్' అంటే వ్యాకరణవేత్తలు మండిపడ్డారు. అయినా జనం మానలేదు. మాటల్లో ఒప్పు, పరీక్షలో యాజ్ మంచిది అని పక్కన రాస్తే సరిపోయేది. అర మార్కు పోతే పిల్లాడికి భయమే మిగులుతుంది.

అకౌంట్స్ అమ్మాయి: మనవాళ్లను నిజంగా దెబ్బతీసేది ఇంకోటి. నా మొదటి ఇంటర్వ్యూలో 'ఐ వర్క్‌డ్ లైక్ యాన్ అకౌంటెంట్' అన్నాను. అవతలాయన పెన్ను కింద పెట్టి, 'అంటే మీరు అకౌంటెంట్ కాదా?' అని అడిగారు. టెన్షన్‌తో నోరు పెగల్లేదు. ఆ తర్వాత తెలిసింది, తేడా మన తెలుగులోనే ఉందని. అకౌంటెంట్‌గా పనిచేశాను అంటే ఆ ఉద్యోగమే చేశాను, అక్కడ యాజ్. అకౌంటెంట్‌లా లెక్కలు వేస్తాడు అంటే పోలిక మాత్రమే, అక్కడ లైక్. బళ్లో ఒక్కరైనా ఇలా చెప్పి ఉంటే!

పాఠాల మాస్టారు: బాగా పట్టుకున్నావమ్మా. 'నేను చెప్పినట్టు' కూడా కలుపుకో. 'చెప్పినలా' అని ఎవరూ అనరు. ఆ 'ట్టు' ఉన్నచోట యాజ్. కానీ 'గా' కనబడిన ప్రతిచోటా యాజ్ పెట్టకండి. 'అందంగా' అంటే బ్యూటిఫుల్లీ.

కృష్ణాతీరం: 'సేమ్ లైక్ యువర్స్' సంగతి? 'నీదాని లాంటిదే' నుంచి వస్తుందనుకుంటా.

పాఠాల మాస్టారు: ద సేమ్ యాజ్, సిమిలర్ టు. ఇవి నోటికి పట్టాల్సిందే. రిజెంబుల్‌కి మాత్రం టు, లైక్ ఏదీ వద్దు. 'నాన్నని పోలి ఉన్నాడు'లో 'ని' ఉంది చూడండి, అలాగే నేరుగా 'హి రిజెంబుల్స్ హిజ్ ఫాదర్'.

ఖమ్మం అమ్మ: వాడితో 'నేను చెప్పినట్టు' అని పైకి అనిపించాను. రెండోసారికి తనే యాజ్ అన్నాడు. మార్కు మాత్రం తీసేయకుండా ఉండాల్సిందనే నాకూ ఉంది, మాస్టారూ.

పాఠాల మాస్టారు: అక్కడ నేను మారనమ్మా. బోర్డు పరీక్షలో దిద్దేవాళ్లు పక్కన ఏమీ రాయరు.