అప్‌డేట్: కారు స్క్రీన్ మీద ప్రతిసారీ వచ్చే ‘అంగీకరిస్తున్నాను’ సంగతి

కారు స్టార్ట్ చేయగానే వచ్చే హెచ్చరికలను శాశ్వతంగా తీసేయొచ్చా అని అడిగాను కదా, సగం పనైంది. లొకేషన్, డ్రైవింగ్ డేటా పంపడానికి అనుమతి అడిగేదాన్ని ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆపేశాను, మళ్లీ రాలేదు. దాంతో మ్యాప్‌లో లైవ్ ట్రాఫిక్ సమాచారం పోయింది, ఫర్వాలేదు.

‘దృష్టి రోడ్డు మీదే ఉంచండి’ అనే నోటీసుకు మాత్రం ఆఫ్ చేసే దారే లేదు. ప్రమాదం జరిగితే బాధ్యత తమ మీద పడకుండా కంపెనీ పెట్టుకున్నది అది. ‘అంగీకరిస్తున్నాను’ నొక్కకపోయినా కాసేపటికి అదే పోతుంది. రివర్స్ వేస్తే వెనక కెమెరా దృశ్యం దాని మీదుగా వచ్చేస్తుంది (అమెరికా నిబంధనల ప్రకారం రివర్స్ వేసిన 2 సెకన్లలోపు ఆ దృశ్యం కనిపించాలి). రోడ్డు చూడమని చెప్పడానికి స్క్రీన్ చూపించడం నాకు అస్సలు నచ్చలేదు. కారు ఇచ్చేటప్పుడు ఒక్కసారి సంతకం తీసుకుంటే చాలదా అని కంపెనీకి రాశాను. జవాబొస్తే చెబుతాను.