బ్లడ్ కల్చర్‌కి ఎనరోబిక్ బాటిల్ అందరికీ పెట్టాలా?

అమలాపురం ల్యాబ్ టెక్నీషియన్:
మా దగ్గర బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) అంటే ఒక్క ఏరోబిక్ బాటిలే, ఆక్సిజన్ ఉన్నచోట పెరిగేవాటికి. ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియా కోసం రెండో బాటిల్, అంటే ఎనరోబిక్, కావాలంటే డాక్టరు గారు విడిగా రాయాలి. ప్రతి పేషెంటుకీ రెండూ పెట్టాలంటాను. మీరేమంటారండి?

భీమవరం ఫిజీషియన్:
నేనొప్పుకోనండి. రక్తంలో అవి దొరకడమే అరుదు. రొయ్యల చెరువు మీద కూలికెళ్లే మనిషి చేత ఆ ఖర్చు పెట్టించాలా? అపెండిక్స్ పగిలిందని అనుమానముంటే కల్చర్ కోసం ఆగం, వాటి మీద పనిచేసే మెట్రోనిడజోల్ మొదలెట్టేస్తాం.

అమలాపురం ల్యాబ్ టెక్నీషియన్:
అనుమానమే రానిచోట మాటేంటి డాక్టర్ గారూ? నిరుడు కోతలప్పుడు మా నాన్నగారికి చలిజ్వరం. ఊళ్లో ఆసుపత్రిలో టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్, తగ్గకపోతే అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఎక్కించారు. ఏరోబిక్ బాటిల్ ఐదు రోజులున్నా ఏమీ పెరగలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కించి నరసాపురం మీదుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ రెండు బాటిళ్లూ పెట్టారు. మూడో రోజు ఎనరోబిక్ ఒక్కటే మోగింది, అంటే అందులో బ్యాక్టీరియా పెరిగిందని మెషిన్ చెప్పింది. స్లైడు నేనూ చూశాను: లేత గులాబీ రంగులో సన్నటి కడ్డీలు, రంగు సరిగా పట్టనట్టు. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్, పెద్దపేగులో ఉండే, ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియా. దాన్ని బట్టే స్కాన్ తీస్తే పెద్దపేగు పక్కన చీముగడ్డ. చీము తియ్యడానికి ట్యూబు వెయ్యగానే గదంతా కుళ్లు వాసన.

అమికాసిన్ కణంలోకి వెళ్లాలంటేనే ఆక్సిజన్ కావాలి, కాబట్టి వీటి మీద పనిచెయ్యదు. సెఫ్ట్రియాక్సోన్‌నీ ఈ ఫ్రాజిలిస్ చాలావరకు తట్టుకుంటుంది. ఎన్ని సీసాలు ఎక్కించినా ఏం లాభం? పైగా ఆ బాటిల్లో ఇ. కోలై, క్లెబ్సియెల్లా లాంటి, ఆక్సిజన్ ఉన్నా లేకున్నా పెరిగే బ్యాక్టీరియా కూడా పెరుగుతాయి, రక్తం వృథా పోదండి.

పాలకొల్లు స్టాఫ్ నర్సు:
గుచ్చేది మేమండి, ఓ మాట. పెద్దవాళ్లకి బాటిల్‌కి 8 నుంచి 10 ఎం.ఎల్. పడాలి. మూడు ఎం.ఎల్. తీసి రెండింటికీ పంచితే రెండూ చెడతాయి. సిరంజితో తీస్తే ముందు ఎనరోబిక్‌లో పొయ్యాలి, గాలి వెళ్లకూడదు. బటర్‌ఫ్లై (సన్న ట్యూబున్న రెక్కల సూది) అయితే ట్యూబులో గాలి ఉంటుంది, ముందు ఏరోబిక్. తీశాక ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు, దయచేసి పెట్టకండి.

భీమవరం ఫిజీషియన్:
నాన్నగారు కోలుకున్నారా? అమికాసిన్ సంగతి నిజమే. పొట్ట నొప్పి, కాన్పు తర్వాత జ్వరం, షుగరు పుండు, కారణం దొరకని జ్వరం, వీటికి ఇకమీదట రెండూ రాస్తాను. అందరికీ అంటే మాత్రం ఒప్పుకోను.

అమలాపురం ల్యాబ్ టెక్నీషియన్:
పొలానికి వెళ్తున్నారండి. కానీ కారణం దొరకని జ్వరమని మొదటి రోజే ఎలా తెలుస్తుంది డాక్టర్ గారూ? ఆయన చీటీలో మొదటి రోజు రాసింది టైఫాయిడ్ అనే.