ఏటీవీని ట్రైలర్‌కి ఎక్కడ పట్టి కట్టాలి: ఫ్రేమ్‌కా, చక్రాలకా?

కోనసీమ కుర్రోడు:
డాలస్ పక్కన ఉంటాం. సెకండ్ హ్యాండ్‌లో పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 అనే ఏటీవీ (నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) కొన్నాను, బరువు సుమారు 700 పౌండ్లు. వచ్చే వారం దాన్ని చిన్న ట్రైలర్ మీద ఓక్లహోమాలో వేనోకా దగ్గరి లిటిల్ సహారా ఇసుక దిబ్బలకి తీసుకెళ్లాలి. ఐ-35 హైవే మీద ఓక్లహోమా సిటీ దాకా వెళ్లి, అక్కడి నుంచి పైకి. ఐదు గంటల పైనే ప్రయాణం. స్ట్రాప్ ఫ్రేమ్‌కి తగిలించి సస్పెన్షన్ కిందికి దిగేలా లాగమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అలా చేస్తే షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) పాడవుతాయి, చక్రాలకే కట్టు అని ఇంకొకడు. ఎవరి మాట వినాలి?

టెక్సాస్ మావయ్య:
ఫ్రేమే, సందేహం లేదు. ముందు రెండు, వెనక రెండు స్ట్రాప్‌లు వేసి, స్ప్రింగ్ కొంచెం కుంగేదాకా బిగించు. అప్పుడు బండి ట్రైలర్‌తో కలిసి కదులుతుంది, విడిగా ఎగరదు. షాక్‌లు పాడవడం అంతా పుకారు. మనిషి ఎక్కి కూర్చుంటే కుంగడం లేదా? కాకపోతే మరీ అడుగు దాకా లాగకు. ఇంకో మాట: ట్రైలర్‌ని కారుకి తగిలించకుండా బండి ఎక్కించకు. వెనక బరువు పడగానే ముందు కొన గాల్లోకి లేస్తుంది. ఎక్కించాక బండిని కొంచెం ముందుకి జరుపు, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే చోటు) మీద పడాలి.

నట్టు బోల్టు:
మావయ్యా, హిచ్ సంగతి ఒప్పుకుంటా, ఫ్రేమ్ సంగతి ఒప్పుకోను. గుంతలో పడ్డప్పుడు కుంగిన స్ప్రింగ్ ఇంకాస్త కుంగుతుంది. ఆ క్షణం స్ట్రాప్ వదులై, నోరు తెరిచిన ఎస్ హుక్ ఊడిపోతుంది. కార్లు మోసే ట్రక్కులు చూడండి, ఎక్కువగా చక్రాల మీదుగానే పట్టీలు వేస్తారు. చక్రం ట్రైలర్‌కి అతుక్కుని ఉంటే పైన బాడీ రోడ్డు మీద ఊగినట్టే ఊగుతుంది, స్ట్రాప్‌కి దాంతో పనే లేదు.

టెక్సాస్ మావయ్య:
కారు టైరులో గాలి 32, 35 పీఎస్‌ఐ ఉంటుంది. ఏటీవీ టైరులో ఐదారు. బెలూన్ లాంటిదాని మీద పట్టీ వేసి బిగిస్తే, గుంత వచ్చినప్పుడు టైరే నొక్కుకుపోతుంది, మీరు చెప్పిన వదులు అక్కడా వస్తుంది. పైగా బాడీ ఊగుతూ ఉంటే మలుపుల్లో బరువంతా ఒక పక్కకి వెళ్తుంది. ఎస్ హుక్ ఊడుతుందంటే హుక్ మార్చాలి గానీ కట్టే చోటు కాదు. నోరు మూసే క్లిప్ ఉన్న హుక్‌లు ఏ షాపులోనైనా దొరుకుతాయి.

లక్ష్మి, డెంటన్:
ఇద్దరూ చోటు గురించే కొట్టుకుంటున్నారు, స్ట్రాప్ బలం గురించి ఎవరూ అడగలేదు. సాధారణ ఒక అంగుళం రాచెట్ స్ట్రాప్ ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో 1500 పౌండ్లు అని ఉంటుంది. అది తెగే బరువు. వాడాల్సిన బరువు అందులో మూడో వంతు, 500. అది పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం కట్ల మొత్తం బలం సరుకు బరువులో సగానికి తగ్గకూడదు. ట్రైలర్ నుంచి నేరుగా బండికి తగిలించిన స్ట్రాప్ బలాన్ని సగమే లెక్కేయాలి. అంటే ఒక్కోటి 250, నాలుగు కలిపి 1000. మనకి కావాల్సింది 350, అంటే చాలినంత ఉంది. ఈ నిబంధన కమర్షియల్ వాహనాలకి అయినా, మన కొలతకి పనికొస్తుంది. అదే నిబంధనలో బ్రేక్ వేసినప్పుడు ముందుకి 0.8 జీ, అంటే సరుకు బరువులో 80 శాతం తోపు, తట్టుకోవాలని ఉంది. 700 పౌండ్ల బండి అప్పుడు 560 పౌండ్లతో ముందుకి తోస్తుంది. స్ట్రాప్‌లు నిలువుగా కిందికి లాగితే ఆ తోపుని ఆపేదెవరు? వెనక స్ట్రాప్‌లు ఏటవాలుగా వెనక్కి, ముందువి ఏటవాలుగా ముందుకి లాగాలి. ఫ్రేమైనా చక్రమైనా ఇది తప్పదు. లగేజీ ర్యాక్‌కి, హ్యాండిల్‌కి మాత్రం తగిలించకండి.

కోనసీమ కుర్రోడు:
లక్ష్మి గారూ, థాంక్స్. ర్యాక్‌కే తగిలిద్దామనుకుంటున్నా, అందుబాటులో ఉంటుంది కదా అని. మరి గేరు న్యూట్రల్‌లో పెట్టాలా, పార్క్‌లోనా?

నట్టు బోల్టు:
మాన్యువల్‌లో ఏముంటే అది. మామూలుగా పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ కూడా వేస్తారు. కానీ బరువు మోయాల్సింది స్ట్రాప్‌లు, గేర్‌బాక్స్ కాదు. పార్క్‌లో ఉంది కదా అని స్ట్రాప్‌లు వదులుగా వదిలేస్తే లోపలి చిన్న పళ్ల మీద భారమంతా పడుతుంది. చోటు విషయంలో మాత్రం నా మాట అదే. చక్రంతో పాటే కదిలే ఏ-ఆర్మ్‌కి (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే A ఆకారపు కడ్డీ) సాఫ్ట్ లూప్ (మెత్తటి పట్టీ ఉచ్చు) వేసి కట్టు.

టెక్సాస్ మావయ్య:
ఏ-ఆర్మ్ అయితే బ్రేక్ పైపు పక్కనే పోతుంది, లూప్ దానికి ఒరుసుకోకుండా చూసుకో. సగం దాకా మీ దారికి వచ్చానంటే, చక్రాలకి పట్టీ వేయడం కన్నా ఏ-ఆర్మ్ మేలని ఒప్పుకుంటాను. నాది ఫ్రేమే.
స్ట్రాప్‌ని ఒక్క మెలిక తిప్పి వేస్తే గాలికి టపటపా కొట్టుకోదు. మొదటి 50 మైళ్లలో ఒకసారి ఆగి మళ్లీ బిగించు. ఎండకి రంగు వెలిసి గరుకుగా మారిన స్ట్రాప్ చూస్తే పడేయ్, పది డాలర్లకి కక్కుర్తి పడొద్దు.

కోనసీమ కుర్రోడు:
సరే. ముందు రెండూ ఫ్రేమ్‌కి, వెనక రెండూ ఏ-ఆర్మ్‌కి కడతాను. క్లిప్ హుక్‌లు కొంటాను.

నట్టు బోల్టు:
ముందువి నిలువుగా కాదు, ఏటవాలుగా.

లక్ష్మి, డెంటన్:
అంతకన్నా ముందు ఇంకొకటి. ట్రైలర్ కప్లర్ (హిచ్ మీది గుండ్రటి బాల్ మీద కూర్చునే ముందు కొన) మీద 1-7/8 అని ఉందా, 2 అంగుళాలని ఉందా చూడండి. పెద్ద కప్లర్‌లో చిన్న బాల్ కూర్చున్నట్టే అనిపిస్తుంది, కానీ గుంతలో జారి బయటికొస్తుంది. తర్వాత సేఫ్టీ చైన్లు అడ్డంగా ఒకదాని మీద ఒకటి దాటేలా తగిలించండి. ఏ మోడల్ ట్రైలరో, టైర్ల మీద ఏ తయారీ తేదీ ఉందో రాయండి, చూద్దాం.