నౌక పెద్దదైంది, భయం ఎందుకు తగ్గింది?

వేగుచుక్క:

‘ఇండిపెండెన్స్ డే’ (1996), దాని సీక్వెల్ ‘ఇండిపెండెన్స్ డే: రిసర్జెన్స్’ (2016) ఒకదాని వెంట ఒకటి చూశాను. రెండింటికీ దర్శకుడు రోలండ్ ఎమెరిక్. మొదటిదానికి సుమారు 7.5 కోట్ల డాలర్లు ఖర్చయితే రెండోదానికి 16.5 కోట్లు అయ్యాయి. మొదటి సినిమాలో నగరాల మీదికి వచ్చిన ఒక్కో గ్రహాంతర నౌక వెడల్పు 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు. సీక్వెల్‌లో వచ్చే నౌక వెడల్పు 3,000 మైళ్లు. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లయితే ఇది 4,800 కిలోమీటర్ల పైచిలుకు.

ఆ 24 కిలోమీటర్ల నౌక నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. మబ్బులను చీల్చుకుంటూ నిప్పురంగులో అది బయటికి వస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చంద్రుడికన్నా పెద్ద నౌక భూమి మీద దిగుతుంటే మాత్రం నాలో ఏ కదలికా లేదు. గ్రాఫిక్స్ బాగాలేవని అనను, పనితనం కనిపిస్తూనే ఉంది. మొదటి సినిమా హీరో విల్ స్మిత్ ఇందులో లేకపోవడమే కారణమని చాలామంది అంటారు. కానీ మొదటి సినిమాలో అతను విమానం ఎక్కకముందే నేను భయపడ్డాను కదా! తీసిన పద్ధతిలోనే ఏదో తేడా ఉండాలి. అదేమిటో తెలిసినవారు కాస్త వివరంగా చెబుతారా?

రాగమాలిక:

చాలామంది అనే మాటే అయినా నేనూ అదే అంటాను, అయితే కారణం వేరు. నటుడు లేకపోవడం కన్నా, ఆ పాత్ర మరణాన్ని సినిమా ఎంత తేలికగా దాటవేసిందన్నదే నాకు ముఖ్యం. స్టీవెన్ హిల్లర్ ఒక కొత్త విమానాన్ని పరీక్షిస్తూ చనిపోయాడని మాటల్లో చెప్పేసి ముందుకు వెళ్లిపోతారు. అతని భార్య జాస్మిన్‌కైతే ఇంకా అన్యాయం జరిగింది. ఆస్పత్రి కూలిపోతుంటే ఒక తల్లిని, పసిబిడ్డను హెలికాప్టర్ ఎక్కించి తాను కొడుకు కళ్లెదుటే పడిపోతుంది. ఆ కొడుకు డిలన్‌కు ఏడవడానికి కూడా సమయం ఇవ్వరు, మళ్లీ యుద్ధానికి పంపేస్తారు.

మొదటి సినిమాలో అధ్యక్షుడి భార్య మరణం గుర్తు తెచ్చుకోండి. అమ్మ నిద్రపోతోందా అని పాప అడుగుతుంది, తండ్రి అవునంటాడు. అంతే. ఒక్క పేలుడు లేదు, ఒక్క గ్రాఫిక్ లేదు. ఆ తర్వాత అతను చేసే ప్రసంగానికి బలం అక్కడి నుంచే వచ్చింది.

సీక్వెల్ స్క్రీన్‌ప్లే కింద అయిదుగురి పేర్లు ఉన్నాయి. విల్ స్మిత్ తప్పుకున్నప్పుడే సినిమా ఆపేసి ఉండాల్సిందని, చేతిలో ఉన్న మంచి స్క్రిప్టు పక్కన పెట్టి హడావుడిగా ఇంకొకటి కూర్చాల్సి వచ్చిందని ఎమెరిక్ స్వయంగా తర్వాత చెప్పారు. ఆ హడావుడి ప్రతి పాత్రలోనూ కనిపిస్తుంది.

కొలబద్ద:

వేగుచుక్క గారూ, కట్టబోయే భవనాలకు చిన్న నమూనాలు తయారు చేయడం నా వృత్తి. అందుకే మీ ప్రశ్న నన్ను పట్టేసింది. నమూనా పూర్తయ్యాక మేము తప్పనిసరిగా చేసే పని, దాని గుమ్మం దగ్గర ఒక మనిషి బొమ్మను నిలబెట్టడం. ఆ బొమ్మ లేకపోతే నలభై అంతస్తుల మేడ కూడా అట్టపెట్టెలాగే కనిపిస్తుంది. ఎంత నగిషీ చెక్కినా లాభం లేదు. చూసేవాడి కన్ను ముందుగా మనిషిని వెతుక్కుంటుంది, తర్వాతే మేడను కొలుస్తుంది.

ఈ లెక్కతో మొదటి సినిమా ప్రారంభం చూడండి. చంద్రుడి మీద అపోలో 11 వ్యోమగాములు వదిలి వచ్చిన ఫలకం, దుమ్ములో వాళ్ల బూట్ల గుర్తులు. వాటి మీదికి ఒక నీడ పాకుతుంది, అడుగుల గుర్తులు అదిరి చెదురుతాయి. మనకు అందిన మొట్టమొదటి కొలత మనిషి అడుగు. ఆ తర్వాత హిల్లర్ పొద్దున్నే వార్తాపత్రిక కోసం బయటికి వచ్చే సన్నివేశం. ముందు ఎదురింటివాళ్లు సామాను సర్దుకోవడం చూస్తాడు. ఏమైందో అర్థం కాక అటూ ఇటూ చూస్తాడు. పత్రిక దించాక గానీ ఆకాశంలో ఉన్నది అతనికి కనబడదు. పత్రిక, వీధి, పొరుగువాళ్లు, ఆ తర్వాత నౌక. ఈ క్రమం తప్పితే ఆ నౌక ఉత్త బొమ్మే.

ఇక సమయం. మొదటి సినిమా కథ జూలై 2, 3, 4 తేదీలుగా విడిపోయి ఉంటుంది. నౌకలు నగరాల మీదికి వచ్చి ఊరికే నిలబడతాయి. చాలాసేపు ఏమీ చేయవు. ఉపగ్రహాల ద్వారా వస్తున్న సంకేతంలో దాడికి గడువు తరిగిపోతోందని కేబుల్ టీవీ ఇంజనీరు డేవిడ్ ఒక్కడే కనిపెడతాడు. ఆ గడువు కరుగుతుండగానే లాస్ ఏంజెలెస్‌లో జనం ఎత్తయిన భవనం పైకెక్కి స్వాగతం పలుకుతూ అట్టలు ఊపుతుంటారు. నన్నడిగితే సినిమా మొత్తంలో అత్యంత భయంకరమైన భాగం అదే. అక్కడ ఇంకా ఒక్క నిప్పురవ్వ కూడా రాలలేదు.

సీక్వెల్ నిడివి 120 నిమిషాలు, మొదటిది 145. పాత్రలు పెరిగాయి, నౌక రెండు వందల రెట్లు పెరిగింది, సమయం మాత్రం 25 నిమిషాలు తగ్గింది. అందుకని రావడం, నగరాలను పెకలించడం, దిగడం అన్నీ ఒకే ఊపులో అయిపోతాయి. ఎదురుచూడటానికి మనకు ఎక్కడా చోటు దొరకదు.

నేను అన్నిటికన్నా పెద్ద లోపం అనుకునేది కెమెరా నిలబడిన చోటు. 24 కిలోమీటర్ల నౌకకు అంచు ఉంటుంది. వీధిలో నిలబడినవాడికి ఆ అంచు కదులుతూ కనిపిస్తుంది, ఒక్కో మేడ మీద ఎండ ఆరిపోవడం కనిపిస్తుంది. 4,800 కిలోమీటర్ల నౌక అంచు నేల మీద ఉన్న ఏ మనిషికీ కనబడదు. దాన్ని నౌకగా చూపించాలంటే దర్శకుడు అంతరిక్షంలోకి వెళ్లి అక్కడి నుంచి చూపించాలి. అక్కడ మనిషి లేడు. ఆసియా నగరాల భవనాలు గాలిలోకి లేచి లండన్ మీద కూలుతుంటే మనం చాలాభాగం పై నుంచే చూస్తాం. పైగా ఆ సమయంలో, వీళ్లకు ప్రసిద్ధ కట్టడాలంటే ఇష్టమని డేవిడ్ చేత ఒక చలోక్తి వేయించారు. మన భయానికి కొలతగా నిలబడాల్సిన పాత్ర అది. అతనే భయపడకపోతే నేను ఎవరిని చూసి భయపడాలి?

కంప్యూటర్ గ్రాఫిక్స్ వల్లే పాడైందనే వాదన నేను ఒప్పుకోను. మొదటి సినిమాలో వీధుల వెంట దూసుకొచ్చే మంటల గోడను ఎంత తెలివిగా తీశారో చెబితే ఆశ్చర్యపోతారు. నగర వీధి నమూనాను నిలువుగా తిప్పి పెట్టి, కెమెరాను పైన బిగించి, కింద నుంచి మంట వదిలారు. మంట సహజంగా పైకే ఎగబాకుతుంది కాబట్టి అది వీధిలో మనవైపు పరుగెత్తుకొస్తున్నట్టు కనిపించింది. నా వృత్తిలో ఉన్నవాళ్లం ఆ పనికి చేతులెత్తి మొక్కుతాం. ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నవారిలో ఒకరైన ఫోల్కర్ ఎంగెల్ సీక్వెల్‌కూ పనిచేశారు. కాబట్టి చేతిలో పనితనం పోలేదు. దాన్ని ఎక్కడ నిలబడి చూపించాలన్న నిర్ణయం దగ్గరే దెబ్బతింది.

గణితప్రియ:

కొలబద్ద గారి అంచు మాటకు చిన్న లెక్క జోడిస్తాను. భూమి గుండ్రంగా ఉంది కదా. 4,800 కిలోమీటర్ల చదునైన పళ్లేన్ని నడిమధ్యలో భూమికి ఆనించి పెడితే దాని అంచులు నేల నుంచి 400 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఉంటాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు ఆ ఎత్తులోనే. అంటే నౌక నడుమ సముద్రాన్ని తాకుతుంటే దాని చివర వాతావరణం దాటిపోయి ఉంటుంది! నౌకకు సొంత గురుత్వాకర్షణ ఉందన్నారు, మంచిదే. కానీ అంతటిది దగ్గరికి వస్తే ముందుగా పొంగాల్సినవి సముద్రాలు. ఎక్కడో ఒక రేవులో నీళ్లు తప్పు వేళలో లేవడంతో ఈ సినిమా మొదలై ఉంటే ఎంత బాగుండేది!

తూర్పుగాలి:

మీరంతా నౌక దగ్గరే ఆగిపోయారు. ఈ సీక్వెల్‌లో నిజంగా గొప్ప ఆలోచన ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1996 యుద్ధంలో ఆఫ్రికాలో ఒక నౌక నేలకు దిగింది. అందులోని జీవులతో అక్కడి ప్రజలు పదేళ్లపాటు నేల మీద పోరాడారు. ప్రపంచమంతా విజయోత్సవాలు చేసుకుంటుంటే వాళ్ల యుద్ధం మాత్రం ఆగలేదు. దికెంబె ఉంబుటు అనే నాయకుడు కత్తులతో ఆ జీవులను వేటాడుతూ పెరిగినవాడు. వాటి మనసుతో సంబంధం ఏర్పడి, తెలియకుండానే ఒకే గుర్తును మళ్లీ మళ్లీ గీసేవాళ్లు, వాళ్ల మీద పరిశోధన చేసే డాక్టర్ మార్సో. ఇదంతా కథలోనే ఉంది!

ఈ మనుషులతో ఒక పూర్తి సినిమా తీయొచ్చు. ఓడిపోయిన సైన్యం వెనక మిగిలిపోతే ఏమవుతుంది, అడవిలో దాక్కున్న గ్రహాంతరవాసితో పదేళ్లు ఎలా బతకాలి? ఎమెరిక్ అక్కడికి వెళ్లి, నాలుగు మాటలు చెప్పించి, ఉంబుటును విమానం ఎక్కించి అమెరికా ఎడారికి తీసుకొచ్చేశారు. నాకు మిగిలిన కోపమంతా ఇదే. ఇరవై ఏళ్లలో మానవజాతి ఎలా మారిందో ఊహించడానికి అంత శ్రమపడి, చివరికి పాత సినిమా మెట్ల మీదే మళ్లీ నడిచారు. అదే ఏరియా 51 అనే అమెరికా రహస్య స్థావరం, అదే చివరి ఆత్మత్యాగం. ఈసారి దాన్ని చేసింది మాజీ అధ్యక్షుడు.

వేగుచుక్క:

అందరికీ కృతజ్ఞతలు. కొలబద్ద గారూ, మీ మాట ఒప్పుకుంటూనే ఒక సందేహం. పతాక సన్నివేశంలో గ్రహాంతర జీవుల రాణి ఎడారిలో పిల్లలున్న స్కూలు బస్సును తరుముతుంది. పట్టపగలు, చదునైన నేల, కెమెరా నేల మీదే ఉంది, పక్కనే మనుషులున్నారు. మీ కొలత ప్రకారం అది పండాలి కదా? నాకు ఎందుకు తృప్తి కలగలేదు?

కొలబద్ద:

చాలా మంచి ప్రశ్న. ఆ బస్సు పక్కన రాణి పాదం పడే షాట్లు నా దృష్టిలో సినిమాలోకెల్లా మంచివి. కొలత అక్కడ సరిగ్గా కుదిరింది. మీకు తృప్తి కలగకపోవడానికి కారణం, ఆ భయానికీ అసలు ప్రమాదానికీ పొంతన లేదు. భూమి నడిగర్భం దాకా తవ్వుతున్న యంత్రం అట్లాంటిక్‌లో ఉంది. రాణి ఉన్నది నెవాడాలో. ఇక్కడ ఆమె చనిపోగానే అక్కడ తవ్వకం ఆగిపోతుంది, చంద్రుడికన్నా పెద్ద నౌక లేచి వెళ్లిపోతుంది. అంత పెద్దదాన్ని మీట నొక్కి ఆపేసినట్టు ఆపేస్తే, దాని పరిమాణానికి ఇక అర్థం ఏముంది?

మొదటి సినిమాలో డేవిడ్ ఎక్కించిన కంప్యూటర్ వైరస్ వల్ల నౌకల రక్షణ కవచాలు మాత్రమే పోయాయి. ఆ తర్వాత అసలు పోరాటం మొదలైంది. రసెల్ కేస్ అనే పైలట్ తన విమానంతో నౌక ఆయుధంలోకే దూసుకెళ్తే తప్ప ఆ నౌక కూలలేదు. దాన్ని ఎలా కూల్చాలో మోర్స్ కోడ్‌లో దేశదేశాలకూ కబురు పంపాల్సి వచ్చింది. ఎవరి ఆకాశంలో ఉన్నదాన్ని వాళ్లే కూల్చుకున్నారు. గెలుపు కోసం పడిన కష్టం నౌక పరిమాణానికి తగ్గట్టు ఉంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. సీక్వెల్‌లో మనిషి బొమ్మ దర్శకుడి చేతిలోనే ఉంది. అట్లాంటిక్‌లో, సరిగ్గా ఆ నౌక కింద, మునిగిపోయిన నిధుల కోసం వెతికే ఒక చిన్న ఓడ ఉంటుంది గుర్తుందా? భూమి మీద అందరికన్నా దగ్గరగా ఆ నౌకను చూసింది ఆ నావికులే. తల మీద ఆకాశం లేదు, నలువైపులా చీకటి, కింద సముద్రం మరుగుతోంది. సినిమా మాత్రం వాళ్లను ఫోనులో తవ్వకం ఎంత లోతుకు వెళ్లిందో చెప్పడానికీ, మధ్యమధ్యలో నవ్వించడానికీ వాడుకుంది. నౌక దిగడాన్ని ఆ ఓడ మీద నుంచి, వాళ్ల కళ్లతో, ఒక పది నిమిషాలు తొందరపడకుండా చూపించి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారు కారు.