పన్ను చట్టాలు, హక్కులు, ఇంట్లో వస్తువులు: దేనికి గడువు ఉంటుంది, దేనికి ఉండదు?

తీగమల్లి
మందుల పెట్టె సర్దుతుంటే వచ్చిన సందేహం ఇది. మాత్రకి గడువు ఉంది. పేటెంటుకి ఉంది. అప్పు వసూలుకీ ఉందంటారు. పన్ను చట్టాలకి కూడా ఉంటుందా? అసలు గడువు దాటిన మర్నాడు ఏమవుతుంది? తెలిసినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పద్దుపుస్తకం
పన్నుల సంగతి నేను చెప్తాను. మామూలుగా చట్టానికి గడువుండదు, రద్దు చేసేదాకా నడుస్తూనే ఉంటుంది. కొన్నిటికి మాత్రం పుట్టినప్పుడే ముగింపు తేదీ రాసేస్తారు. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను 1799లో ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చుల కోసం వచ్చింది. మధ్యలో పోయి 1842లో మళ్లీ వచ్చింది. ఈనాటికీ అది తాత్కాలిక పన్నే. ఏటా ఏప్రిల్ 5తో ముగుస్తుంది, పార్లమెంటు ఏటా ఫైనాన్స్ చట్టం చేసి మళ్లీ వేస్తుంది.

అమెరికాలో కారణం వేరు. మామూలు మెజారిటీతో పన్ను తగ్గింపుని సెనేట్ దాటించాలంటే, బడ్జెట్ లెక్కకి తీసుకున్న ఏళ్ల తర్వాత అది లోటు పెంచకూడదు. అందుకే 2017 చట్టంలో వ్యక్తులకిచ్చిన తగ్గింపులు చాలావరకు 2025 చివరికి ముగిసేలా రాశారు. 2025 జులైలో ఇంకో చట్టం తెచ్చి వాటిలో ఎక్కువభాగం శాశ్వతం చేశారు. అంతకుముందు 2001 చట్టం వల్ల 2010 ఒక్క ఏడాదికీ చనిపోయినవాళ్ల ఆస్తిపై కేంద్ర పన్ను లేకుండా పోయింది. ఆ డిసెంబర్‌లో దాన్ని వెనక తేదీతో తెచ్చారు, పాత పద్ధతా కొత్తదా ఎంచుకోమని ఆస్తి పంపకం చూసేవాళ్లకే వదిలారు. ఇలాంటి తేదీలు నాకు నచ్చవండీ. వ్యాపారం పెట్టేవాళ్లు రేపటి రేటు తెలియకుండా లెక్కలేసుకోవాలి.

తీగమల్లి
అయితే పన్ను గడువు ముగిస్తే పాత బకాయి కూడా పోతుందా?

పద్దుపుస్తకం
మామూలుగా పోదు. ఆ చట్టం అమల్లో ఉన్నప్పుడు పడిన పన్ను కట్టాల్సిందే.

నల్లకోటు
హక్కుల దగ్గర జనం ఎక్కువ నష్టపోయేది అప్పు వసూలులో. మామూలు ఒప్పందం మీద బాకీకి దావా వేయడానికి ఇంగ్లండ్‌లో 6 ఏళ్లు. భారతదేశంలో అప్పుకి 3 ఏళ్లు, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం. ఆ గడువు దాటితే అప్పు మాయమవదు, కోర్టు తలుపు మూసుకుంటుంది. అవతలివాళ్లు తమంతట తాము తీరిస్తే పుచ్చుకోవచ్చు.

మా బంధువు ఒకాయన చేబదులు ఇచ్చి, అడిగినప్పుడల్లా "వచ్చే నెల ఇస్తాలే" అన్న మాట నమ్మి కూర్చున్నాడు. గడువు దాటాక అవతలాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. నోటిమాట పనికిరాదండీ. గడువు ముగిసేలోపు "ఇంత బాకీ ఉన్నాను" అని రాయించి సంతకం పెట్టించుకుంటే, ఆ రోజు నుంచి కాలం మళ్లీ మొదటి నుంచి లెక్క. అడగడానికి మొహమాటపడొద్దు.

పేటెంటు దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు, అంతే. ట్రేడ్‌మార్క్ వాడుకలో ఉంచి రెన్యూవల్ చేయిస్తూ పోతే ఎన్నాళ్లయినా ఉంటుంది. ఇక యుద్ధ నేరాలకు కాలపరిమితి వర్తించదని 1968లోనే ఐక్యరాజ్య సమితి ఒప్పందం చేసింది. కొన్ని గాయాలకి అలాగే ఉండాలి.

మాత్రలడబ్బా
మందుల మీద తేదీ అంటే, సీలు తీయకుండా సరిగ్గా దాచితే ఆ రోజు దాకా పూర్తి పనితనానికి కంపెనీ హామీ ఇస్తుందని. మర్నాడే విషమైపోదు. అమెరికా సైన్యం నిల్వ మందుల్ని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షిస్తే చాలావాటికి గడువు పొడిగించగలిగారు.

ఎర్రగులాబీ
అంటే పాత మాత్రలు వేసుకోవచ్చనేగా?

మాత్రలడబ్బా
కాదండీ. అవి చల్లగా, పొడిగా, సీలు తీయకుండా దాచినవి. వంటగది వేడిలోనో, కారులోనో పడున్నదానికి ఆ లెక్క రాదు. ఇన్సులిన్, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ లాంటివాటితో అసలు సాహసం వద్దు. అవసరానికి పనిచేయకపోతే ప్రాణం మీదికొస్తుంది. మూత తీశాక ఇంకో గడువు మొదలవుతుంది: చాలా కంటి చుక్కలు 28 రోజులే. మా ఇంట్లో సీసా తెరిచిన తేదీ పెన్నుతో లేబుల్ మీదే రాసిపెడతాం. క్రీముల డబ్బాల మీద తెరిచిన మూత బొమ్మలో 12ఎం అని ఉంటే, తెరిచాక 12 నెలలని.

చక్రధారి
టైర్ల గురించి ఎవరూ అనలేదు. పక్క గోడ మీద కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా 10 ఏళ్లు దాటితే మార్చమని చాలామంది తయారీదారులు చెప్తారు. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. పాత కారు కొనేటప్పుడు నేను ముందు వంగి చూసేది స్టెప్నీనే. పైకి కొత్తగా మెరుస్తూ, అంకెలు చూస్తే బాగా పాతది బయటపడుతుంది.

ఎర్రగులాబీ
పొగ అలారానికి?

చక్రధారి
తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు, వెనకవైపు రాసుంటుంది. బటన్ నొక్కితే మోగుతోంది కదా అని ఉంచేయకండి. లోపలి సెన్సర్ మందగించి ఉండొచ్చు.

తీగమల్లి
ఇప్పుడే స్టూలెక్కి చూశా, తేదీ అరిగిపోయి కనిపించట్లేదు. ఏం చేయమంటారు?

చక్రధారి
మార్చేయండి.