మన పార్కులో డిస్క్ గోల్ఫ్‌కు చోటివ్వాలా, వద్దా?

పాలమూరు పోరడు:
మహబూబ్‌నగర్‌లో మా కాలనీ పార్కు గురించి అడుగుతున్నా. నాలుగెకరాలు ఉంటుంది. చుట్టూ వాకింగ్ ట్రాక్, నడుమ గడ్డి, అక్కడక్కడ వేప, కానుగ చెట్లు. మూడు ఆదివారాల నుంచి మేము ఐదారుగురం మడతపెట్టే బుట్టలు మూడు తెచ్చి డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నాం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: కర్ర ఉండదు, బంతి ఉండదు. ప్లాస్టిక్ డిస్క్‌ను బుట్ట వైపు విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్లీ విసరాలి. తక్కువసార్లు విసిరి బుట్టలో వేసినవాళ్లు గెలిచినట్టు. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్క్ వాటికి తగిలి ఝల్లుమని లోపల పడుతుంది. ఆ చప్పుడు విన్న పిల్లలు ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ ఇంటికి పోవడం లేదు.

ఆరు బుట్టల చిన్న కోర్సు పర్మినెంట్‌గా పెట్టించమని కాలనీ సంఘాన్ని అడుగుదామనుకుంటున్నాం. ఒక్కో బుట్టకు 40 నుంచి 60 మీటర్ల దూరం, అంతే. కొత్తవాళ్లు కూడా మూడు నాలుగు విసుర్లలో వేసేయొచ్చు. కానీ వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పొద్దున్నడక:
వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను తమ్ముడూ. నాకు 67 ఏళ్లు. గుండె ఆపరేషన్ అయ్యాక రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. రోడ్డు మీద బండ్ల మధ్య నడవలేక ఈ పార్కుకు వస్తాను. పోయిన ఆదివారం మీ డిస్క్ నా ముందు నడుస్తున్న ఒకామె పిక్కకు తగిలింది. చీర మీద నుంచి తగిలినా నల్లగా కమిలింది. విసిరిన పిల్లవాడు ఉరికి వచ్చి సారీ చెప్పాడు, వాణ్ణి ఏమీ అనను. కానీ వెనుక నుంచి వచ్చేది మాకు కనబడదు, వినబడదు. బంతి అయితే నేల మీద దొర్లే చప్పుడైనా వస్తుంది. ఆమె మళ్లీ పార్కుకు రాలేదు.

పీఈటీ సార్:
బడిలో ఆటలు నేర్పేవాణ్ణి కాబట్టి రెండు మాటలు. పొద్దున్నడక గారి భయం నిజమైనదే. ఈ డిస్క్ అందరూ అనుకునే బొమ్మ ఫ్రిస్బీ కాదు. దాదాపు 175 గ్రాములు ఉంటుంది. క్రికెట్ బంతే 156 నుంచి 163 గ్రాములు. పైగా డిస్కుల్లో రకాలున్నాయి. డ్రైవర్ అనేది దూరం పోవడానికి చేసింది, అంచు సన్నగా ఉంటుంది, వేగంగా దూసుకుపోతుంది. పుట్టర్ అంచు మొద్దుగా ఉంటుంది, నెమ్మదిగా తేలుతూ పోతుంది. 60 మీటర్ల లోపు కోర్సుకు డ్రైవర్ అక్కరే లేదు. కొత్తవాళ్ల చేతిలో అది ఎటు పోతుందో వాళ్లకే తెలియదు.

ఇంకొకటి చాలామంది గమనించరు. కుడిచేతివాళ్లు మామూలుగా, అంటే ఒంటికి అడ్డంగా చేయి తిప్పి విసిరితే, డిస్క్ వేగం తగ్గగానే ఎడమకు వాలుతుంది. దాదాపు ప్రతిసారీ అంతే. అందుకే ట్రాక్ ఎప్పుడూ విసిరేవాళ్లకు కుడివైపున ఉండాలి. మీరు ఆడిన మూడో బుట్ట నేను చూశాను. ట్రాక్ సరిగ్గా ఎడమన ఉంది. ఆమెకు తగిలింది అక్కడే కదా?

పాలమూరు పోరడు:
అవును సార్, అక్కడే. ఆ రోజు పిల్లవాడి చేతిలో ఉన్నది డ్రైవరే. నేనే ఇచ్చాను. ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాను. సార్, ఎడమచేతివాళ్లు వస్తే?

పీఈటీ సార్:
వాళ్లకు కుడికి వాలుతుంది. కాబట్టి కుడివైపు కూడా ఖాళీ ఉండాల్సిందే. గడ్డి నడుమ, ట్రాక్‌కు వీపు పెట్టి లోపలికి విసిరేలా బుట్టలు పెట్టుకోవాలి. ముందు మనిషి కనబడితే విసరకూడదన్నది ఈ ఆట మొదటి మర్యాద. ఇవి పాటించకుండా కోర్సు పెడితే నేను కూడా వద్దనే అంటాను.

ఎర్రనేల:
పార్కులో టాయిలెట్‌కు తలుపు లేదు, ఉయ్యాల గొలుసు తెగి ఏడాదైంది. కొత్త గొలుసుల సంగతి తర్వాత చూద్దాం. అంత ఆడాలనుంటే మయూరి పార్కుకు పోండి, రెండు వేల ఎకరాలకు పైనే ఉంది. లేదంటే పిల్లలమర్రి దగ్గర అడగండి.

ఇద్దరు బిడ్డల అమ్మ:
అన్నా, టాయిలెట్ విషయంలో నీ మాటే నా మాట. కానీ పిల్లలమర్రి పేరు ఎత్తకు. చెదలు పట్టిన ఆ మానుకు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి మనందరికీ తెలుసు. ఆ ఊడల మధ్య డిస్కులు విసరడమా? డిస్క్ తగిలిన చోటల్లా బెరడు చెక్కుకుపోతుంది, మా పార్కు కానుగ మీద ఇప్పటికే మచ్చలు పడ్డాయి. ఇక మయూరి పార్కంటే బండి ఉండాలి, తీసుకుపోయే మనిషి ఉండాలి.

నేను ఎందుకు కావాలంటున్నానో చెప్తా. నా పెద్దబిడ్డ ఏడో తరగతి. కాలనీ గ్రౌండ్‌లో మగపిల్లల క్రికెట్ తప్ప ఇంకోదానికి చోటు లేదు. ఆడపిల్లలు గోడ పక్కన నిలబడి చూడాలి, బంతి వస్తే అందియ్యాలి. రెండో ఆదివారం మా బిడ్డ చెప్పులు పక్కన విడిచి, చున్నీ నడుముకు చుట్టుకుని డిస్క్ పట్టుకుంది. మొదటిది కానుగ కొమ్మల్లో ఇరుక్కుంది. ఆరోదో ఏడోదో గొలుసులకు తగిలింది. టీమ్ అక్కర్లేదు, ఎవరి పిలుపూ అక్కర్లేదు, తన వంతు తనకు వస్తుంది. ఇంటికి వచ్చి రాత్రి అన్నం పళ్లెం మూత తిప్పుతూ మణికట్టు ఎట్లా తిప్పాలో చెల్లెకు చూపించింది. ఆ పిల్లకు ఆ ఆట దొరకాలి.

పొద్దున్నడక:
మీ బిడ్డ ఆడాలి అమ్మా. నాకూ మనవరాళ్లున్నారు. కానీ అసలు చిక్కు ఇంకా ఎవరూ ఎత్తలేదు. మన ఎండలు చూడండి. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిది దాటితే పార్కులో నిలబడలేం. సాయంత్రం ఐదున్నర దాకా గడ్డి సెగలు కక్కుతుంది. నడిచేవాళ్లకూ ఆడేవాళ్లకూ మిగిలేది పొద్దున, సాయంత్రం ఆ కాస్త సేపే. చోటు పంచుకోవచ్చు, వేళ ఎలా పంచుకుంటాం?

సముద్రం దాటినోడు:
నేను అమెరికాలో ఉన్నప్పుడు ఆడాను. మొదటి పర్మినెంట్ కోర్సు 1975లో కాలిఫోర్నియాలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన వేశారు, అదీ పబ్లిక్ పార్కులోనే. గొలుసుల బుట్ట కూడా ఆయన చేసిందే. అంతకుముందు చెట్లు, స్తంభాలనే గురి పెట్టుకునేవాళ్లు. అక్కడ చాలా కోర్సుల్లో ఫీజు ఉండదు, ఎవరైనా పోయి ఆడొచ్చు. ఇక్కడా అలాగే కావాలి.

ఎర్రనేల:
అక్కడి పార్కులెంత, మన నాలుగెకరాలెంత? ఉన్న చోటును బట్టి మాట్లాడుదాం.

పాలమూరు పోరడు:
నిన్న పొద్దున ఐదున్నరకు పీఈటీ సార్, పొద్దున్నడక సార్, నేను తాడు పట్టుకుని పార్కంతా కొలిచాం. ట్రాక్ నుంచి ఎటు చూసినా 15 మీటర్లు వదలాలని సార్ పట్టుబట్టారు. ఆ లెక్కన ఆరు బుట్టలు పట్టవు. నాలుగే పడతాయి, అన్నిటికంటే దూరంది 45 మీటర్లు. పాత మూడో బుట్ట చోటు వదిలేశాం. కానుగల వైపు అసలు పోము. వానాకాలం ప్రహరీ వెంట పొదలు పెరుగుతాయి, అందులో పడిన డిస్క్ కోసం చెయ్యి పెట్టకూడదు, పాములుంటాయి. కర్రతోనే తియ్యాలి.

బుట్టల చుట్టూ కాళ్ల తొక్కిడికి గడ్డి పోతుంది కాబట్టి సిమెంట్ వేసి పాతము. నెలకోసారి జరుపుతాం. పుట్టర్లు తప్ప ఇంకేవీ తేనివ్వం. పొద్దున ఏడు దాకా పార్కు నడిచేవాళ్లదే. సంఘానికి ఇచ్చే కాగితంలో టాయిలెట్ తలుపు మొదటి లైన్‌లో రాశాం ఎర్రనేల అన్నా, నీ సంతకం కావాలి.

పొద్దున్నడక:
నేను కొలవడానికి వచ్చాను, ఒప్పుకున్నానని కాదు. ఏడు నుంచి ఎనిమిది అంటే ఏప్రిల్‌లో పిల్లలకు పొద్దున ఒక్క గంటే దొరుకుతుంది. వేళ దాటి ముందే మొదలుపెట్టరని ఎవరు చూసుకుంటారు?

ఇద్దరు బిడ్డల అమ్మ:
నేను చూసుకుంటా సార్. బుట్టలు మా ఇంట్లోనే పెట్టుకుంటా, ఏడు కొట్టాకే బయటికి ఇస్తా. దెబ్బ తగిలిన అక్క ఇల్లు చెప్పండి, నేను వెళ్లి మాట్లాడతా. ఆమె మళ్లీ నడకకు వస్తానన్నాకే మొదటి బుట్ట పెడదాం.

పొద్దున్నడక:
నీళ్ల ట్యాంకు వెనక సందు, నీలం గేటు. నేనూ వస్తాను.